మూడు గాట్ల చెట్టు

"చెట్టు లేదు, టాలీ. మూడుసార్లు తిరిగి చూశాం. లేదు."

హెన్లీ పెద్దాయన బూట్ల బురదైనా దులుపుకోకుండా గుమ్మంలోంచే ఈ మాట అనేశాడు. ఆయన వెనకాల కుర్ర కోల్, గొడ్డలి భుజాన వేసుకుని, తప్పంతా తనదే అన్నట్టు నేలచూపులు చూస్తున్నాడు. నాలుగేళ్ళకోసారి చర్చి పెద్దలు ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళని పంపి ఊళ్ళో ప్రతి పొలం హద్దూ నడిపిస్తారు. గుర్తు చెట్ల మీద బెరడు కమ్ముకుపోయిన పాత గాట్లని గొడ్డలితో మళ్ళీ తెరిపిస్తారు. ఈ ఏడు ఆ వంతు వీళ్ళిద్దరికీ పడింది. గాట్లు తెరుద్దామని పొద్దున్నే వెళ్ళినవాళ్ళు భోజనాల వేళకి నోళ్ళు తెరుచుకుని తిరిగొచ్చారు.

సాబ్రా చేతిలో పొగలు కక్కుతున్న పంది తొడ పళ్ళెం ఉంది. చెట్టు ఉందన్నా లేదన్నా పళ్ళెం బరువు తగ్గదు కనక, బల్ల చుట్టూ తిరిగి దాన్ని పెద్దదొర ముందు పెట్టింది. పెట్టి వంటింటికి వెళ్ళిపోలేదు. గోడ పక్కన నిలబడింది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వంట చేస్తున్న మనిషి. ఆ గోడ పక్కన ఆమె నిలబడితే ఎవరికీ కనిపించడం మానేసి పాతికేళ్ళయింది. కనిపించకపోవడంలో ఒక సుఖం ఉంది. అన్నీ వినిపిస్తాయి.

పెద్దదొర ఆంబ్రోస్ టాలీ వాతం పట్టిన కాలుని దిండు మీదా, కోపం పట్టిన పిడికిలిని బల్ల మీదా పెట్టుకుని కూర్చున్నాడు. పిడికిలి కింద ఇంకా సంతకం పడని పంపకాల దస్తావేజు. పోయాక చదివించే వీలునామాలో ఒక వీలుంది, రాసినాయన బతికున్నన్నాళ్ళూ వీలు చూసుకుని చింపేసుకోవచ్చు. సంతకం పడ్డ దస్తావేజులో ఆ వీలు లేదు. అందుకే ముసలాయన దస్తావేజు రాయించాడు. తను పోయాక పిల్లలు కొట్టుకుంటే ఆపేవాడుండడు, బతికుండగా కొట్టుకుంటే కనీసం చూసేవాడుంటాడు.

ఆ కాగితం ప్రాణమంతా ఆ చెట్టులోనే ఉంది. ఎగువ పొలం ఆయన తండ్రిది. దిగువ పొలం ఏనాడో కన్నుమూసిన భార్య వైపునించి వచ్చింది. రెండూ కలిసే మూలన మూడు గాట్లు పెట్టిన ఎర్ర ఓక్ చెట్టు. అక్కణ్ణించి నది దాకా తిన్నగా ఒక గీత. గీతకి ఎగువన కొడుకు గైల్స్‌కి, దిగువన కూతురు టబితకి. ఆ మధ్యలో ఎక్కడో పడవల రేవు. వర్జీనియాలో పొగాకు పీపా ఓడెక్కకపోతే అది పంట కాదు, ఎండుటాకు. ఆ రేవు ఎవరికైతే రేపు వాళ్ళది.

చెట్టు రెండు వందల అడుగులు దిగువకి జరిగితే రేవు గైల్స్‌ది. రెండు వందల అడుగులు ఎగువకి జరిగితే టబితది. చెట్లు జరగవు. కానీ చెట్టంటూ లేకుండా పోయాక దాన్ని ఎటు కావాలంటే అటు జరపొచ్చని ఇద్దరు మగవాళ్ళకి ఒకేసారి తట్టింది.

ముందు గైల్స్ అందుకున్నాడు. గాలివానకి పడిపోయి ఉంటుందన్నాడు. తనకి చెట్టు కళ్ళకి కట్టినట్టు గుర్తుందట. వాగు మలుపుకి దిగువన, నీళ్ళ పక్కనే ఉండేదట. టబిత మొగుడు జాస్పర్ విన్ చాకు కింద పెట్టి నవ్వాడు. ఎగువన బండరాయి పక్కన ఉన్న చెట్టుని నీళ్ళ పక్కకి నడిపించిన గాలివాన ఏ సంవత్సరంలో వచ్చిందో చెబితే పంచాంగంలో రాసుకుంటానన్నాడు.

"నీకేం తెలుసు బావా, ఈ ఇంటికొచ్చి మూడేళ్ళు కాలేదు," అన్నాడు గైల్స్.

"మూడేళ్ళలో నాలుగుసార్లు ఆ చెట్టు కింద కునుకు తీశాను బావగారూ. తమరు ముప్పై ఏళ్ళూ ఇంట్లోనే తీశారు."

ఆ మాటకి కోల్‌కి నవ్వొచ్చింది. గైల్స్ మొహం చూసి దాన్ని మొక్కజొన్న రొట్టెతో కలిపి మింగేశాడు. పొగాకు పండించే ఇంట్లో పొగకీ పొగరుకీ ఎప్పుడూ లోటుండదు. ఇవాళ రెండూ బల్ల మీదే వడ్డించారు.

టబిత మాంసాన్ని ముక్కలు చేసింది, ముక్కల్ని మళ్ళీ ముక్కలు చేసింది, ఒక్కటీ నోట్లో పెట్టలేదు. ఆమె కుర్చీ వెనకాల రొట్టెల బుట్ట పట్టుకుని కెజీ నిలబడి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. సాబ్రా కూతురు. తల్లి చూపు కూతురి మీద పడింది, మళ్ళీ గోడకి వచ్చేసింది.

హెన్లీ గొంతు సవరించుకుని అసలు సంగతి చెప్పాడు. హద్దులు నడవడానికి చర్చి పెద్దలిచ్చిన గడువు మార్చి ఆఖరు. మార్చి ఆఖరంటే ఈ రోజే. పొద్దుగూకే లోపల మూల తేలకపోతే తను 'హద్దు తెలియదు' అని రాసివ్వాలి. తర్వాత కోర్టువారు కొలతగాణ్ణీ పన్నెండుమంది జూరీనీ పంపుతారు.

"పన్నెండుమంది నా పొలంలోకొచ్చి నా హద్దు నాకు నేర్పుతారా?" అన్నాడు పెద్దదొర నెమ్మదిగా.

ఆయన అరిచి ఉంటే బాగుండేది. ఆయన నెమ్మదిగా మాట్లాడాక ఆ గదిలో చాలాసేపు ఎవరూ నమలలేదు.

చివరికి గైల్స్ లేచాడు, అతను లేచాడని జాస్పర్ లేచాడు. ఎవరి చెట్టుని వాళ్ళు చూపిస్తామంటూ హెన్లీనీ కోల్‌నీ చెరో చేయీ పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయారు. టబిత శాలువా తెచ్చుకునే మిషతో మేడ మీదికి వెళ్ళింది, కెజీ ఆమె వెనకే వెళ్ళింది. దొరలకి దొరకని చెట్టు కోసం వాకిట్లో కేకలు మొదలయ్యాయి.

గదిలో బల్ల దగ్గర ముసలాయనా గోడ దగ్గర సాబ్రా మిగిలారు.

ఆ దస్తావేజుని పొద్దున్నే, హద్దుకి బయల్దేరేముందు, ఊళ్ళో రాతపని చేసే కోల్ పైకి చదివాడు. అప్పుడూ సాబ్రా ఇదే గోడ దగ్గర ఉంది. వంటమనిషి సాబ్రా, ఇంటితో సహా, గైల్స్‌కి. రాగి డేగిసా టబితకి. కెజీ అనే పిల్ల, ఇకముందు దానికి పుట్టబోయే సంతానంతో సహా, టబితకి. ఈకల పరుపు టబితకి. డేగిసాకీ పరుపుకీ మధ్య తన కూతురు. మింగో పేరు మీద మాత్రం అడ్డంగా ఒక గీత కొట్టి ఉందని కోల్ చెప్పాడు. సాబ్రా మొగుడు మింగో కిందటి ఆకురాలు కాలంలో చలిజ్వరంతో పోయాడు. ఆ ఇంట్లో అతనికి దక్కిన సమాధి ఆ గీతే.

టబిత ఇల్లు ఇంతకాలం దిగువ పొలంలోనే ఉంది కనక కెజీ ఆదివారాలు తల్లి దగ్గరికి వచ్చేది. కానీ జాస్పర్ తన వాటా చేతికి రాగానే అమ్మేసి నీలి కొండల అవతల కొత్త నేల కొంటానని ఊరంతా చెబుతున్నాడు. బండి మీద పన్నెండు రోజుల దారి. అక్కణ్ణించి ఆదివారాలు రావు. పంపకాలంటే పంచుకోవడమని మేడలో అర్థం, పంపేయడమని వంటింట్లో అర్థం.

"ఇంకా నిలబడ్డావేం? పళ్ళేలు తియ్యి," అన్నాడు పెద్దదొర.

"తీస్తానండి. చెట్టు మాట కూడా తీస్తాను, తమరు వింటానంటే."

ముసలాయన తల తిప్పి చూశాడు. పాతికేళ్ళకి ఆమె ఆయనకి కనిపించింది.

"ఏం చెట్టు?"

"మూడు గాట్లదేనండి. గాలివానకి పడలేదు. మింగో కొట్టాడు, రెండు చలికాలాల కిందట. చిన్నదొరగారు దగ్గరుండి కొట్టించారు."

తర్వాత ఆమె తొందరపడకుండా, ఉప్పు వేసిన చేత్తోనే రుచి చూసినట్టు, జరిగిందంతా చెప్పింది. ఆ ఏడు పొగాకు నారుమడికి చోటు కాల్చాలి. విత్తనం చల్లేముందు నేల మీద కట్టెలు పేర్చి రాత్రీ పగలూ మంట పెట్టకపోతే నారుకంటే కలుపు ముందు లేస్తుంది. పేర్చిన కట్టె చాల్లేదు. గైల్స్ గుర్రం మీంచి దిగకుండా, దగ్గర్లో ఏది లావుగా ఉంటే అది కొట్టమన్నాడు. మింగో బెరడు మీద గాట్లు చూసి చెప్పబోయాడు. చెట్లు కొట్టమంటే గాట్లు లెక్కపెడతావేంరా అన్నాడు చిన్నదొర. మింగో కొట్టాడు. టాలీ వంశం మూడు తరాలు కాపాడుకున్న హద్దు ఒక్క వారంలో మంచి బూడిదై మడికి బలం ఇచ్చింది. ఆ ఏడు నారు ఏపుగా వచ్చిందని గైల్స్ ఇదే బల్ల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాడు.

పెద్దదొర దిండు మీది కాలు జారి నేలకి తగిలింది. నొప్పికి పళ్ళు బిగించాడు.

"మోడు ఎక్కడ?"

"ఉందండి."

"ఉందని తెలుస్తోంది. ఎక్కడని అడిగాను."

"ఆ కాగితంలో ఒక వరస మార్పించండి దొరగారూ, చూపిస్తాను."

ఏ వరసో ఆయన అడగలేదు. మేడ మీద గదిలో అడుగుల చప్పుడు వినిపిస్తోంది, పెద్దవి రెండు, చిన్నవి రెండు. ఆయన పైకప్పు వైపు చూసి మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"కొరడా చేత చెప్పించగలను," అన్నాడు. బెదిరింపులా అనలేదు, ఇంట్లో ఉన్న ఇంకో వస్తువుని గుర్తు చేసినట్టు అన్నాడు.

సాబ్రా చేతులు పైగుడ్డ కింద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. గొంతు మాత్రం వంటింట్లో ఉన్నట్టే ఉంది.

"చెప్పించగలరండి. దెబ్బలకి నోరు తెరుచుకుంటుంది, కాదనను. కానీ అక్కడ నూరు మోళ్ళున్నాయి. ఏదో ఒకటి చూపిస్తాను. అది నిజమైనదో కాదో తమకెలా తెలుస్తుంది? ఆ మోడుకి సరిపోయే చెక్క నా దగ్గరుంది. గాట్లు పెట్టిన ముఖం అంతా మింగో మోడు మీంచి చీల్చి ఇంటికి తెచ్చాడు. మళ్ళీ తీసుకెళ్ళి పెడితే కుండకి మూతలా కూచుంటుంది. హెన్లీగారు కళ్ళారా చూస్తారు. బానిస సాక్ష్యం కోర్టులో చెల్లదని నాకూ తెలుసండి. చెక్క సాక్ష్యం చెల్లుతుంది."

"ఆ చెక్క ఎక్కడుంది?"

"పొయ్యికి దగ్గర్లోనే ఉందండి."

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. ఆయన జీవితమంతా ఓడ సరంగులతో, వర్తకులతో, చర్చి పెద్దలతో బేరమాడినవాడు. ఎదుటివాడి చేతిలో ముక్కలు బాగున్నాయో లేవో పసిగట్టడంలో ఆయన్ని మించినవాడు నదికి రెండు వైపులా లేడు. పసిగట్టాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"అడిగినవాళ్ళు లేరండి."

"నా ఇంట్లో నిలబడి నాతో బేరమాడుతున్నావు."

"తమరింట్లో బేరమంటే తమరితోనే కదండీ ఆడాలి."

ఆయన మూతి ఒక పక్కకి తిరిగింది. అది నవ్వో నొప్పో ఆయనకీ తెలిసినట్టు లేదు.

"ఎవరికి రాయమంటావు ఇద్దర్నీ? గైల్స్‌కా, టబితకా?"

సాబ్రా ఈ ప్రశ్నకి పొద్దుట్నించీ జవాబు ఆలోచించి పెట్టుకుంది. గైల్స్ మంచివాడూ కాదు, జాస్పర్ అంతకన్నా మంచివాడూ కాదు.

"ఎవరికైనా రాయండి దొరగారూ. ఒకరికే రాయండి."

*

వాకిట్లోకి వచ్చి పెద్దదొర చెట్టు కొట్టించిన మాట చెప్పినప్పుడు గైల్స్ మొదట నవ్వాడు, తర్వాత ఎర్రబడ్డాడు, తర్వాత ఆ రోజు తను ఊళ్ళోనే లేనన్నాడు. అతను ఉన్నాడనడానికి ఆ ఏటి నారు మీద చెప్పుకున్న గొప్పలే సాక్ష్యమని తండ్రి గుర్తు చేశాడు. జాస్పర్ బావగారి భుజం తట్టి, ఇంటి హద్దుని ఇంతింత మంట పెట్టి వెచ్చగా కాచుకున్నవాళ్ళు దేశంలో ఇంకెవరూ లేరని మెచ్చుకున్నాడు. గైల్స్ ఆ చేతిని విదిలించేశాడు.

కోల్ వాకిట్లోనే పాత కాగితం చూసి కొత్తది రాశాడు. సాబ్రా, ఆమె కూతురు కెజీ, ఇద్దరూ కలిసి, ఎన్నడూ విడదీయకుండా, ఇంటితో సహా, గైల్స్‌కి. ఆ వరసని సాబ్రా రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి పక్కనున్న వరస కూడా చదవమంది, ఎక్కడైనా అది దీన్ని కొట్టేస్తుందేమోనని. కోల్ నోరు తెరిచి పెద్దదొర వైపు చూసి, చదివాడు.

సంతకం ఎప్పుడని అడిగితే, మోడు చూశాకే అన్నాడు ముసలాయన. అయితే మోడు దగ్గరే అంది సాబ్రా. అక్కడ రాత బల్ల ఎక్కణ్ణించి వస్తుందన్నాడు కోల్. ఆమె వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కనుండే ముక్కాలిపీటని చంకన పెట్టుకొచ్చింది.

ఆ పీట మీద కూర్చునే ఆమె రెండేళ్ళుగా బఠాణీలు ఒలుస్తోంది, కోళ్ళ ఈకలు పీకుతోంది, మింగో పోయిన రాత్రి కూర్చుంది. ఆ పీటని గైల్స్ ఒకసారి కాలితో పక్కకి తన్నాడు. జాస్పర్ ఒకసారి దాని మీద కాలు పెట్టి బూటు బిగించుకున్నాడు. సాబ్రా దాన్ని తిరగేసింది. అడుగున బెరడు. బెరడు మీద బొటనవేలు దూరేంత లోతుగా, ఒకదాని కింద ఒకటి, మూడు గాట్లు.

హెన్లీ పెద్దాయన వేళ్ళతో తడిమి చూశాడు. నడి గాటు తను పన్నెండేళ్ళ కిందట తెరిచిందేనన్నాడు. అప్పుడు తన గొడ్డలికి అంచు విరిగి ఉండేదట, ఆ గీర ఇదిగో.

చెట్టు కోసం ఊరంతా తిరిగినవాళ్ళు మధ్యాహ్నం దాని మీద కూర్చుని చేసిన రొట్టే తిన్నారు. గాట్లు పోయాయనుకున్నారు, ఘాటు మాత్రం ఇంట్లోనే ఉంది.

*

పొద్దు నదివైపు వాలుతుండగా బయల్దేరారు. నడవలేని పెద్దదొరని ముసలి గుర్రం మీద ఎక్కించారు, వాతం కాలు దుప్పటితో చుట్టి. మిగిలినవాళ్ళు కాలినడక. ముందు సాబ్రా, చంకన పీట. వెనకాల హెన్లీ, కోల్. వాళ్ళ వెనక ఒకరికొకరు పది బారల ఎడంలో బావా బావమరుదులు. అందరికన్నా వెనక టబిత, ముళ్ళు దాటేచోట పడిపోకుండా కెజీ చెయ్యి పట్టుకుని.

పాత నారుమడి బీడు పడి రెండేళ్ళయింది. నడుమెత్తు మోళ్ళు, ఒక్కొక్కటీ సగం బొగ్గు, సగం ముళ్ళతీగ. కొన్ని దిగువన, కొన్ని ఎగువన. గైల్స్ ప్రతి దిగువ మోడునీ ఆశగా చూశాడు, జాస్పర్ ప్రతి ఎగువ మోడునీ. సాబ్రా ఏ మోడునీ చూడలేదు. చూస్తే చూసింది ఏదో వాళ్ళకి తెలిసిపోతుంది. మింగోకి గంజి తీసుకెళ్ళి ఇచ్చిన రోజున కాళ్ళు ఎటు నడిచాయో కాళ్ళకే వదిలేసింది.

నడి మడిలో ఆగింది.

"ఇక్కడ సంతకం పెట్టించండి. మోడు ఇరవై అడుగుల్లో ఉంది. ఎటు ఇరవయ్యో సంతకం ఆరాక చెప్తాను."

హెన్లీ పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్ళు హద్దులు నడిచానుగానీ ఇంత ఖచ్చితమైన హద్దు చూడలేదన్నాడు. సాబ్రా ముక్కాలిపీటని రెండు చేతులతో గుర్రం జీను ఎత్తుకి లేపి పట్టుకుంది. కోల్ దాని మీద కాగితం పరిచి, మెడలో వేలాడుతున్న సిరాకొమ్ము మూత తీసి, ఈకకలం ముంచి ముసలాయన చేతికిచ్చాడు. పీట ఆమె చేతుల్లో కదల్లేదు. చేతులు నొప్పి పుట్టే వయసే, అయినా కదల్లేదు. ఈకకలం కాగితం మీదికి దిగుతోంది.

"ఆగండి మావగారూ."

జాస్పర్ ముందుకొచ్చాడు. ఇప్పుడతను నవ్వడం లేదు.

"ఒకసారి ఇచ్చేసిందాన్ని మళ్ళీ ఎలా ఇస్తారు? కెజీ ఇవాళ తమరిది కాదు. మా పెళ్ళిబల్ల దగ్గర అరవైమంది చూస్తుండగా ఆ పిల్ల చెయ్యి తీసుకుని టబిత చేతిలో పెట్టారు. తమ చెయ్యి దాటిపోయిన వస్తువుని ఏ దస్తావేజూ గైల్స్‌కి ఇవ్వలేదు."

ఈకకలం ఆగింది. చివర్న ఒక సిరా బొట్టు ఊగుతోంది.

పెళ్ళైన కూతురికి తండ్రి పనిపిల్లని చేతిలో పెట్టడం ఆ నది పొడుగునా ఉన్న ఆచారం. కాగితాలుండవు. పెట్టింది శాశ్వతంగానో, ఇంట్లో సాయానికి కొన్నాళ్ళు మాత్రమేనో ఆ రోజు ఎవరూ చెప్పుకోరు. తర్వాత గొడవొస్తే ఆ చేతిలో పెట్టించుకున్న మనిషి మాటే మాట. గైల్స్‌కి ఇది తెలుసు, హెన్లీకి తెలుసు. సాబ్రాకీ తెలుసు. ఆ పెళ్ళిబల్ల మీద వడ్డించింది ఆమే. అన్నీ లెక్కేసుకున్న మనిషి ఆ చెయ్యొక్కటే లెక్కేసుకోలేదు. ఆ రోజు కెజీకి ఎనిమిదేళ్ళు, చేతికి కొత్త తెల్లగుడ్డ కట్టి పంపింది తనే, ముచ్చటగా ఉంటుందని.

"నేను ఇంట్లో సాయానికని పెట్టాను," అన్నాడు పెద్దదొర.

"తమరు అన్నది 'నీదే తల్లీ' అని. నేను పక్కనే ఉన్నాను."

"నువ్వు తాగి ఉన్నావు," అన్నాడు గైల్స్.

"పెళ్ళికొడుకుని కదా బావగారూ, తమరెందుకు తాగారు?"

హెన్లీ చెయ్యెత్తాడు. ఇద్దరూ ఊరుకున్నారు. పెద్దాయన టబిత వైపు తిరిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, సాక్షిని అడిగేటప్పుడు తీసినట్టు.

"నువ్వు చెప్పమ్మా. మీ నాన్న ఈ పిల్లని నీకు ఇచ్చేశాడా, నీ దగ్గర ఉంచాడా?"

టబితకి ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆమె జుట్టు దువ్వింది సాబ్రా. ముళ్ళు గుచ్చుకుంటే తీసింది సాబ్రా. రాత్రిళ్ళు భయమేస్తే వంటింటికి పరుగెత్తుకొచ్చి ఆమె పక్కలో దూరేది. ఇదంతా టబిత మొహంలో కనిపించింది. ఆ పక్కనే కొండల అవతలి ఇల్లు కూడా కనిపించింది. తెలిసిన మొహం ఒక్కటీ లేని ఇల్లు, అందులో జాస్పర్‌తో చలికాలాలన్నీ. ఆమె కెజీ చెయ్యి ఇంకా వదల్లేదు. ముళ్ళు ఎప్పుడో దాటేశారు.

"టబితా," అన్నాడు జాస్పర్.

"టబితా," అన్నాడు పెద్దదొర.

టబిత తన చేతిలో ఉన్న చేతివైపు చూసుకుంది. కెజీ ఎవరివైపూ చూడలేదు. తల్లి చేతుల్లో గాలిలో నిలబడి ఉన్న పీటనే చూస్తోంది.

ఈకకలం చివరి బొట్టు రాలి, సంతకం ఉండాల్సిన చోట పడింది.

సాబ్రా పీటని మెల్లిగా కిందికి దించింది. కాగితం తీసి, మడత పడకుండా, కోల్ చేతికి తిరిగిచ్చింది. పీటని ముళ్ళ మధ్య నేల చూసి, మూడు కాళ్ళూ నిలదొక్కుకునేలా నొక్కి పెట్టింది. తర్వాత, ముప్పై ఏళ్ళలో ఆ ఇంటి మనుషుల ముందు ఏనాడూ చెయ్యని పని చేసింది. కూర్చుంది.

గైల్స్ ఒక అడుగు ముందుకేశాడు. హెన్లీ అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. గుర్రం మీద ముసలాయనా పీట మీద సాబ్రా, ఆ మడిలో కూర్చున్నది ఇద్దరే. మిగిలిన దొరలంతా నిలబడి ఉన్నారు. నది మీద ఎండ ఎర్రబడుతోంది.

మూడు గాట్లూ ఆమె కిందే ఉన్నాయి. ఆమె లేవకుండా పొద్దు గూకిందంటే హెన్లీ 'హద్దు తెలియదు' అని రాసివ్వాల్సిందే.

"చిన్నమ్మగారిని తొందరపెట్టకండి," అంది సాబ్రా, బఠాణీలు ఒలుస్తూ మాట్లాడినట్టు. "రేవు ఎవరి వైపుందో ఈ పీటకి తెలుసు. ఆలోచించుకుని చెప్పండి అమ్మా. తొందర పొద్దుకేగాని నాకు లేదు."